సూర్యాస్తమయం ఫొటోలకు క్లిప్ ఫిల్టర్ కిట్ కొనొచ్చా? చెన్నైలో వాడి చూశాక నా మాట

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తాను. ఫోన్ కెమెరాకి తగిలించుకునే ఈ ఫిల్టర్ల (లెన్సు ముందు పెట్టే గాజు బిళ్ళల) కిట్‌లో 8 వస్తువులున్నాయి. అందులో పొద్దు వాలే ఫొటోకి నిజంగా పనికొచ్చింది ఒక్కటే, అదీ ఫిల్టర్ కాదు, ఫోన్‌ని కదలకుండా పట్టి ఉంచే చిన్న ట్రైపాడ్. మిగతా పని చాలావరకు స్క్రీన్ మీద వేలితో, పైసా ఖర్చు లేకుండా అయిపోతుంది. అలాగని డబ్బాని తీసుకెళ్ళి చెత్తబుట్టలో వెయ్యమనను. పోలరైజర్ (మెరుపుని తగ్గించే ఫిల్టర్) ఒకటి రెండు చోట్ల ముచ్చట తీర్చింది, కాకపోతే అవి సూర్యుడి వైపు తిరిగి తీసినవి కావు.

కొన్నది రిచీ స్ట్రీట్‌లో. మౌంట్ రోడ్ నుంచి ఆ ఇరుకు సందుల్లోకి దూరితే ఛార్జర్ వైర్ల నుంచి పాత లాప్‌టాప్ మదర్‌బోర్డుల దాకా దొరకనిది ఉండదు కదా, అలాంటి ఒక బుల్లి షాపులో 850 రూపాయలకి ఇచ్చారు. బ్రాండ్ పేరు చెప్పను, చెప్పినా ఉపయోగం లేదు, చూడ్డానికి అచ్చం అలాంటి కిట్లే పక్క షాపుల్లో వేరే వేరే పేర్లతో ఉన్నాయి. నేనూ అన్నయ్యా తెలుగులో మాట్లాడుకుంటుంటే షాపతను కూడా ఠక్కున తెలుగులోకి దిగిపోయాడు. "ఎవూరు సార్, నెల్లూరా? ఇది పెట్టుకుంటే ఇంక పెద్ద కెమెరా ఎందుకు సార్, సన్‌సెట్ మొత్తం ఇందులోనే ఉంది" అంటూ నారింజ రంగు ఫిల్టర్‌ని షాపులో ట్యూబ్‌లైట్‌కి అడ్డం పెట్టి చూపించాడు. ట్యూబ్‌లైట్ మాత్రం బ్రహ్మాండంగా అస్తమించింది.

చెన్నైలో సూర్యాస్తమయం అంటే ఒక చిక్కు ఉంది, అది చెప్పకుండా కిట్ గురించి చెప్పడం కుదరదు. ఈ ఊరికి కొత్తగా వచ్చిన మనవాళ్ళు సాయంత్రం కాగానే మెరీనాకో బెసెంట్ నగర్ బీచ్‌కో పరిగెత్తి, సముద్రంలో పొద్దు గూకుతుందని ఎదురుచూస్తుంటారు. సముద్రం ఉన్నది తూర్పున. సూర్యుడు మన వీపు వెనకాల, మేడల మీద, కేబుల్ వైర్ల మధ్యలోంచి దిగిపోతాడు. (విశాఖ వాళ్ళకీ నెల్లూరు వాళ్ళకీ ఇది కొత్త కాదు, తూర్పు తీరం పొడుగునా ఇదే కథ. గోవా ట్రిప్పులు వేసొచ్చిన హైదరాబాదీలకే ఈ భ్రమ ఎక్కువ.) నీళ్ళ మీద పొద్దు వాలడం చూడాలంటే పడమట నీళ్ళున్న చోటు వెతుక్కోవాలి. ఈసీఆర్ (సముద్రం పక్కన సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద ముట్టుకాడు బ్యాక్‌వాటర్ అలాంటిదే. ఉత్తరాన పళవేర్కాడు దగ్గర మన పులికాట్ సరస్సు ఉంది. ఊళ్ళోనే కావాలంటే పళ్ళికరణై చిత్తడి నేల. నీళ్ళు అక్కర్లేదు, ఊరు కాళ్ళ కింద పరుచుకుని కనిపించాలి అంటే పరంగిమలై, అదే సెయింట్ థామస్ మౌంట్. మెట్లెక్కి పైకెళ్తే విమానాశ్రయం వైపు చూపుకి అడ్డు ఉండదు. నేను కిట్ వాడింది ఎక్కువగా ముట్టుకాడులో, పరంగిమలై మీద, షోలింగనల్లూరులో మా మేడ మీద. నాది మధ్యరకం ఆండ్రాయిడ్ ఫోన్, వెనక మూడు కెమెరాలు. అన్నయ్య ఐఫోన్‌కి కూడా పెట్టి చూశాం.

క్లిప్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే సగం తలనొప్పి అక్కడే. స్ప్రింగు క్లిప్, దాని చివర 37 మిల్లీమీటర్ల రింగు, ఆ రింగుకి ఫిల్టర్లు మర తిప్పి బిగించాలి. వెనక ఒకే కెమెరా ఉన్న కాలంలో ఇది బానే ఉండేదేమో. ఇప్పటి ఫోన్లలో మెయిన్ కెమెరా ఏది, వైడ్ ఏది, జూమ్ ఏది అన్నది ముందు వేలు అడ్డం పెట్టి కనిపెట్టాలి, తర్వాత రింగు సరిగ్గా దాని నడిమధ్యకి వచ్చేలా జరపాలి. కొంచెం పక్కకి పోయినా ఫొటో మూల నల్లగా వస్తుంది. ఫోన్‌కి కవర్ ఉంటే క్లిప్ పట్టు ఆనదు, కవర్ తీస్తే బ్యాక్‌వాటర్ గట్టు మీద చేతిలోంచి ఫోన్ జారుతుందేమోనని టెన్షన్. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఇది: మనం జూమ్ పెంచగానే ఫోన్ చెప్పాపెట్టకుండా పక్క కెమెరాకి మారిపోతుంది. ఫిల్టర్ ఒక కన్నుకి పెట్టాం, ఫోన్ ఇంకో కన్నుతో చూస్తోంది. ఫొటో చూసి "ఫిల్టర్ భలే సహజంగా ఉందే" అని అన్నయ్య మెచ్చుకున్నవాటిలో కొన్ని అసలు ఫిల్టర్ లేకుండా వచ్చినవి.

ఇక అసలు హీరో అనుకున్నది, డబ్బా మీద కూడా దాని బొమ్మే వేశారు, గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్. పైన ముదురు బూడిద రంగు, కిందికి వచ్చేకొద్దీ పలచబడి మామూలు గాజు. ఆలోచన మంచిదే. సాయంత్రం ఆకాశం మండిపోతూ ఉంటుంది, నేల చీకటిగా ఉంటుంది, రెండిటికీ ఒకేసారి సరిపడా వెలుగు పట్టుకోవడం కెమెరాకి కష్టం, కాబట్టి ఆకాశం సగానికి నల్లద్దం అడ్డు పెడితే రెండూ సమానమవుతాయి. పెద్ద కెమెరాలు వాడేవాళ్ళు దశాబ్దాలుగా చేస్తున్న పనే. మరి ఫోన్ మీద ఎందుకు పని చెయ్యదు? ఫోన్ లెన్సు చాలా చిన్నది, ఫిల్టర్ దానికి కొన్ని మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది. అందువల్ల 37 మిల్లీమీటర్ల గాజులో కెమెరా వాడుకునేది నడిమధ్యలో ఉన్న చిన్న ముక్క మాత్రమే. పై అంచు నుంచి కింది అంచు దాకా నెమ్మదిగా పలచబడే నలుపులో ఆ ముక్క వరకు చూస్తే పైకీ కిందికీ తేడా ఏపాటి ఉంటుంది? ఫొటో మొత్తం కాస్త మసకబారినట్టు అవుతుంది, ఫోన్ ఆ మసకని గమనించి వెలుగు పెంచేస్తుంది, చివరికి ఫిల్టర్ లేని ఫొటోకీ దీనికీ తేడా వెతుక్కోవాలి. నేను రింగు తిప్పి తలకిందులుగా పెట్టి కూడా తీశాను. వదినకి రెండూ చూపిస్తే ఏది ఏదో చెప్పలేకపోయింది.

పైగా ఆ పని ఇప్పుడు ఫోన్ లోపలే జరిగిపోతోంది. షట్టర్ నొక్కినప్పుడు ఫోన్ తీసేది ఒక ఫొటో కాదు, వరుసగా చాలా తీసి కలుపుతుంది. గూగుల్ వాళ్ళు హెచ్‌డీఆర్ ప్లస్ అని పిలిచే పద్ధతిలో ఒక్కో ఫ్రేమునీ కావాలనే కాస్త చీకటిగా తీసి, ఆకాశం తెల్లబోకుండా కాపాడుకుని, తర్వాత వాటన్నిటినీ కలిపి నీడల్లో వెలుగు పెంచుతారు. ఈ పద్ధతిని వాళ్ళ పరిశోధకులు 2016లోనే పేపర్‌గా కూడా రాశారు. మిగతా కంపెనీల ఫోన్లలోనూ ఇలాంటిదే ఏదో ఒక రూపంలో ఉంది. అంటే గాజు చెయ్యాల్సిన పని లెక్కలు చేస్తున్నాయి, గాజు కన్నా బాగానే.

నారింజ గ్రాడ్యుయేటెడ్ గురించి ఒక్క ముక్క. మబ్బు, కొబ్బరిచెట్టు, తెల్ల చొక్కా వేసుకున్న పడవాయన, అందరికీ ఒకటే రంగు పూసేస్తుంది. వద్దు.

సరే, మరి ఫొటో ఎందుకు పాడవుతోంది? చాలామంది కెమెరా మంచిది కాదనుకుంటారు గానీ అసలు కారణం వెలుగు లెక్క. ఫోన్ ఫ్రేము మొత్తాన్ని చూసి, చీకటి నేల ఎక్కువగా ఉంటే "అయ్యో చీకటిగా ఉంది" అనుకుని వెలుగు పెంచుతుంది. నేల కనిపిస్తుంది, ఆకాశం పోతుంది. ఎలా పోతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. ఫొటోలో ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి, మామూలు జేపెగ్‌లో ఒక్కోటీ 255 వరకే వెళ్తుంది. సాయంత్రం ఆకాశంలో ఎరుపు ఎక్కువ కాబట్టి అన్నిటికన్నా ముందు ఎరుపు 255కి తగిలి ఆగిపోతుంది. వెలుగు ఇంకా పెరిగితే ఎరుపు పెరగలేదు, ఆకుపచ్చ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. వెలుగు విషయంలో ఎరుపులో ఆకుపచ్చ కలిస్తే పసుపు. అందుకే మనం కళ్ళారా చూసిన కాషాయం, కుంకుమ రంగు ఫొటోలో వెలిసిపోయిన పసుపుగా, ఇంకా మించితే తెల్లగా వస్తుంది. ఆ తర్వాత ఏ యాప్‌లో రంగు పెంచినా లాభం లేదు, అక్కడ సమాచారమే లేదు. చీకటిగా తీసిన ఫొటోలో మాత్రం రంగు భద్రంగా ఉంటుంది, నీడల్ని తర్వాత కొంచెం పైకి లాగొచ్చు.

కాబట్టి చెయ్యాల్సింది: స్క్రీన్ మీద సూర్యుడికి పక్కగా ఉన్న మెరిసే ఆకాశాన్ని (సూర్యుణ్ణే కాదు, పక్కన) వేలితో నొక్కి పట్టుకోండి. ఐఫోన్‌లో అయితే పైన ఏఈ/ఏఎఫ్ లాక్ (వెలుగు, ఫోకస్ బిగుసుకున్నాయని గుర్తు) అని వస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి తాళం బొమ్మ కనిపిస్తుంది. తర్వాత పక్కనే కనిపించే చిన్న సూర్యుడి బొమ్మని, లేదా గీతని, కిందికి లాగండి. ఎంత కిందికి? స్క్రీన్ మీద చూస్తే "ఇది మరీ చీకటైపోయిందే" అనిపించేంతవరకు. అక్కడినుంచి ఒక్క పిసరు పైకి. మబ్బుల అంచులు, వాటి పొరలు విడివిడిగా కనిపించడం మొదలైతే మీరు సరైన చోట ఉన్నట్టు. పరంగిమలై మీద మొదట ఇలా తీసినప్పుడు వదిన పక్కనుంచి చూసి "అదేంటమ్మా, ఊరంతా కరెంటు తీసేశావు" అంది, తీరా ఇంటికొచ్చి ఎడిట్ చేశాక తన వాట్సాప్ డీపీగా పెట్టుకున్నది అదే.

లెన్సు తుడవడం కూడా ఇక్కడే చెప్పాలి, నవ్వకండి. జేబులోంచి తీసిన ఫోన్ మీద వేలిముద్రల జిడ్డు ఉంటుంది, చెన్నై చెమట సంగతి తెలిసిందే, సముద్రపు గాలి ఉప్పు తేమ అదనం. పగటి ఫొటోలో అది తెలియదు. సూర్యుడికి ఎదురుగా పెట్టేసరికి ఒక ఏటవాలు గీత, చుట్టూ పాలు పోసినట్టు మసక. మెత్తటి బట్టతో తుడిస్తే చాలు, ఈ కిట్ డబ్బాలో ఒక ముక్క బట్ట కూడా ఇచ్చారు, నిజం చెప్పాలంటే ట్రైపాడ్ తర్వాత ఎక్కువ వాడింది దాన్నే. ఇంకో మాట, చవక ఫిల్టర్ అంటే కెమెరా ముందు ఇంకో అద్దం. సూర్యుడి వైపు తిప్పితే ఆ అద్దానికీ లెన్సుకీ మధ్య వెలుగు అటూ ఇటూ తగిలి మచ్చలు, ఆకుపచ్చ చుక్కలు వస్తాయి. ఫిల్టర్ లేకపోయినా ఒక చుక్క వస్తుంది, అది సాధారణంగా సూర్యుడు ఫ్రేములో ఎక్కడుంటే నడిమధ్యకి సరిగ్గా అటువైపున పడుతుంది. అది తెలిస్తే ఫోన్ కొంచెం తిప్పి ఆ చుక్కని ఏ చెట్టు కొమ్మ మీదకో తొయ్యొచ్చు. ఫిల్టర్ పెట్టాక నాకు అలాంటివి మూడు నాలుగు వచ్చాయి, ఎక్కడికని తొయ్యాలి?

పోలరైజర్ సంగతి వేరే, ఇది నిజంగా ఏదో ఒకటి చేసే వస్తువు. గాజు తిప్పుతుంటే ఆకాశం నీలం చిక్కబడటం, ఆకుల మీద మెరుపు తగ్గడం కంటికే తెలుస్తుంది. అయితే దాని ప్రభావం సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉన్న ఆకాశం మీద ఎక్కువ, సూర్యుడి వైపు తిరిగితే దాదాపు సున్నా. సూర్యాస్తమయం ఫొటో అంటే మనం చూసేదే సూర్యుడి వైపు! ఇక నీళ్ళ దగ్గర ఇంకో తమాషా. పోలరైజర్ నీటి మీది ప్రతిబింబాన్ని తీసేస్తుంది, దాని గొప్పతనమే అది. ముట్టుకాడులో సాయంత్రం అందమంతా ఆ ప్రతిబింబంలోనే ఉంది, ఆకాశం రంగు నీళ్ళలో పరుచుకోవడం. దాన్ని తీసేసి అడుగున ఉన్న బురద చూపించడానికా ఫిల్టర్? పొద్దు ఇంకా కాస్త పైన ఉండగా, ఉత్తరం వైపో దక్షిణం వైపో తిరిగి పడవల్నీ, గట్టు మీద చెట్లనీ తీసినప్పుడు మాత్రం బాగుంది, మబ్బులు తేటగా తేలాయి. వైడ్ కెమెరాతో తీస్తే ఆకాశంలో ఒక పక్క ముదురు, ఒక పక్క లేత, అట్టకట్టినట్టు వస్తుంది, జాగ్రత్త.

ఎన్‌డీ ఫిల్టర్, అంటే మొత్తం నల్లద్దం. ఫోన్లలో చాలావాటికి లెన్సు రంధ్రం మార్చే వీలుండదు, కాబట్టి వెలుగు తగ్గిస్తే ఫోన్ చేసేది షట్టర్‌ని ఎక్కువసేపు తెరవడం, లేదా ఐఎస్‌ఓ (వెలుగుని పట్టే సున్నితత్వం) పెంచడం. ప్రో మోడ్‌లో (అన్నీ మనమే చేత్తో సెట్ చేసుకునే చోట) ఐఎస్‌ఓ తక్కువకి బిగించి, ట్రైపాడ్ మీద పెట్టి, షట్టర్ ఒక సెకను ఇస్తే నీళ్ళు పట్టులా నునుపుగా వస్తాయి. ఈసీఆర్ మీదే ఉన్న కోవళం రాళ్ళ దగ్గర ప్రయత్నించాను, బాగుంది, కాదనను. కానీ అన్నయ్య పక్కన నిలబడి లైవ్ ఫొటో (కొన్ని క్షణాల కదలిక కూడా దాచుకునే ఫొటో) తీసి, దాని ఎఫెక్టుల్లో లాంగ్ ఎక్స్‌పోజర్ అని నొక్కి దాదాపు అలాంటిదే తెచ్చాడు, ఫిల్టర్ లేదు, ట్రైపాడ్ లేదు. ఐఫోన్లలో అది 2017 నుంచీ ఉన్న సదుపాయం. నాణ్యత నాదే మేలు అని నేను, చాల్లే అని తను, ఆ గొడవ ఇంకా తేలలేదు.

స్టార్ ఫిల్టర్ వీధిదీపాలకి నాలుగు మూలల మెరుపు తెస్తుంది, పెళ్ళి ఆల్బమ్‌ల కాలం గుర్తొస్తుంది. మాక్రో లెన్సు బాగుంది, చీమల్నీ మల్లెమొగ్గల్నీ తియ్యండి, సూర్యుడితో దానికి పని లేదు.

ఇప్పుడు ట్రైపాడ్. వంగే కాళ్ళు, పైన ఫోన్‌ని పట్టే క్లాంపు, గట్టిగా చూస్తే జాన బెత్తెడు ఎత్తు. ప్లాస్టిక్ నాసిరకం, కాలు ఒకటి ఇప్పటికే వదులైంది. అయినా దీనికోసమే మళ్ళీ కొంటాను, ఎందుకంటే సూర్యుడు మునిగాక వచ్చే వెలుగే అసలు వెలుగు. చాలామంది సూర్యుడు అంచు దాటగానే ఫోన్ జేబులో పెట్టేసి బజ్జీల బండి వైపు నడుస్తారు. మబ్బులుంటే సరిగ్గా అప్పుడే కింది నుంచి రంగు ఎక్కడం మొదలవుతుంది. మన దగ్గర దానికి టైము కూడా తక్కువ. చెన్నై 13 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది కాబట్టి సూర్యుడు ఏటవాలుగా కాకుండా దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు, సందె వెలుగు ఇరవై నిమిషాల పైచిలుకు ఉండి చీకటి పడిపోతుంది. ఆ వేళకి చేతిలో ఫోన్ వణుకుతుంది, నైట్ మోడ్ కొన్ని సెకన్లు కదలొద్దంటుంది, ట్రైపాడ్ ఉంటే గోడ మీద పెట్టి 3 సెకన్ల టైమర్ నొక్కి పక్కకి జరగొచ్చు. టైమర్ ఎందుకంటే వేలు తగిలినా కదులుతుంది కాబట్టి.

ఇదే వేళలో మెరీనాలో నిలబడ్డవాళ్ళకి ఒక బహుమతి ఉంది, సముద్రం వైపే చూడండి. ఆకాశం తేటగా ఉన్న రోజున, పొద్దు గూకిన కొన్ని నిమిషాలకి, తూర్పున నీళ్ళకి కాస్త పైన బూడిద నీలం పట్టీ, దాని మీద గులాబీ పట్టీ కనిపిస్తాయి. ఆ కింది నీలం పట్టీ భూమి నీడ. మనం నిలబడ్డ భూమి నీడే గాలి మీద పడి పైకి లేస్తుంటుంది. పైన ఉన్న గులాబీని బెల్ట్ ఆఫ్ వీనస్ అంటారు. వెలుగు తేడాలు పెద్దగా ఉండవు కాబట్టి ఫోన్ దాన్ని సునాయాసంగా పట్టుకుంటుంది, ఏ లాకూ అక్కర్లేదు. సూర్యాస్తమయం కోసం తప్పు వైపుకి వచ్చామని బాధపడేవాళ్ళు ఇది తియ్యండి.

సూర్యుడు పెద్దగా రావాలి, కొబ్బరికాయంత రావాలి అని అడిగేవాళ్ళకి ఒక లెక్క. ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీ, అంతే. మెయిన్ కెమెరాతో తీసిన 4000 పిక్సెళ్ళ వెడల్పు ఫొటోలో అది 30 పిక్సెళ్ళు కూడా రాదు. పెద్దగా కనిపించిందంటే అది సూర్యుడు కాదు, వెలుగు పొంగిన తెల్ల మచ్చ. 3 రెట్ల జూమ్ కెమెరా విడిగా ఉంటే అది వాడండి, డిజిటల్ జూమ్‌తో 10, 20 రెట్లు లాగితే మెత్తటి ముద్ద వస్తుంది. అంతకన్నా ముందు ఏదో ఒక ఆకారం పెట్టండి, పడవ, కరెంటు స్తంభం మీద కాకి, పరంగిమలై మీదైతే దిగుతున్న విమానం. దానికి తోడు డిసెంబరులో సూర్యుడు పడమటికి ఎడమగా, నైరుతి వైపు 24 డిగ్రీల దాకా జరిగి మునుగుతాడు, జూన్‌లో అంతే దూరం కుడివైపుకి. మీకు నచ్చిన చెట్టు వెనక ఈ నెల రాకపోతే ఇంకో నెల వస్తాడు. అస్తమించే టైము కూడా నవంబరులో 5:40 ప్రాంతం, జులైలో 6:40 ప్రాంతం, గంట తేడా. ఆఫీసు ఐటీ కంపెనీల రోడ్డు ఓఎంఆర్‌లో అయితే బయటపడేసరికి ఆలస్యమే కాబట్టి జులైనే దిక్కు.

వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచేసే సెట్టింగు) ఆటోలో ఉంటే ఫోన్ ఆ కాషాయాన్ని చూసి "రంగు తప్పుగా ఉంది, సరిచేద్దాం" అని నీలం కలుపుతుంది. ప్రో మోడ్‌లో దాన్ని ఎండ గుర్తుకి, అంటే 5500 కెల్విన్ చుట్టుపక్కల పెట్టి వదిలెయ్యండి, ఇంకా వెచ్చగా కావాలంటే 6500 వైపు. నారింజ ఫిల్టర్ చెయ్యలేని పని ఇది చేస్తుంది. ప్రో మోడ్‌లో రా ఫైలు (ఫోన్ దిద్దకముందు కెమెరా పట్టిన సమాచారం) కూడా తీసే వీలుంటే తీసుకోండి, అందులో రంగు సమాచారం ఎక్కువ ఉంటుంది, కానీ ఫైలు బరువు, మెమరీ కార్డు ఏడుస్తుంది. రోజూ అక్కర్లేదు, ఆకాశం నిజంగా తగలబడిపోతున్న రోజుకి చాలు.

ఇంటికొచ్చాక నేను వాడేది స్నాప్‌సీడ్. నిక్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ చేసిన యాప్, 2012లో ఆ కంపెనీని గూగుల్ కొనేసింది. ఉచితం, ప్రకటనలు కూడా లేవు. లైట్‌రూమ్ ఇంకా పెద్ద పనిముట్టే గానీ కొన్నిటికి చందా కట్టమంటుంది, సాయంత్రం ఫొటోకి అంత అక్కర్లేదు. స్నాప్‌సీడ్‌లో ముందు ఫొటోని తిన్నగా చెయ్యండి, నీటి గీత వంకరగా ఉంటే సరస్సు ఒలికిపోతున్నట్టు ఉంటుంది. తర్వాత ట్యూన్ ఇమేజ్‌లో హైలైట్స్ (మెరిసే చోట్లు) తగ్గించి, షాడోస్ (నీడలు) కొద్దిగా పెంచి, ఆంబియన్స్ ఒక పది పదిహేను. శాచ్యురేషన్ (రంగుల చిక్కదనం) జోలికి దాదాపు పోవద్దు, చీకటిగా తీసి ఉంటే రంగు ఇప్పటికే ఉంది. అసలు మంత్రం సెలెక్టివ్‌లో ఉంది. ఆకాశం మీద ఒక చుక్క పెట్టి, రెండు వేళ్ళతో దాని పరిధి పెంచి తగ్గించి, అంతవరకే వెలుగు తగ్గించొచ్చు. పడవ మీద ఇంకో చుక్క పెట్టి దానికి వెలుగు పెంచొచ్చు. షాపతను 850 రూపాయలకి అమ్మిన గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ ఇదే, పైగా దీన్ని చెట్టు చుట్టూ వంచొచ్చు. సూర్యుడికి ఎదురుగా తీసినప్పుడు పడ్డ ఆకుపచ్చ చుక్క మిగిలిపోతే మచ్చలు చెరిపే హీలింగ్‌తో ఒక్క నొక్కు. హెచ్‌డీఆర్ స్కేప్, డ్రామా అనే రెండు బటన్లున్నాయి, మబ్బుల్ని పొగలా చేసి చెట్ల చుట్టూ తెల్ల అంచులు తెస్తాయి, పండగ శుభాకాంక్షల బొమ్మలు చేసేవాళ్ళకి వదిలేద్దాం.

ఎడిట్ చేసేటప్పుడు ఫోన్‌లో కళ్ళకి హాయిగా ఉండే ఆ పసుపు స్క్రీన్ మోడ్ ఆపెయ్యండి, లేకపోతే పొద్దున చూస్తే ఆకాశం నీలంగా కనిపించి ఆశ్చర్యపోతారు.

ఎంత చేసినా ఆకాశం సహకరించాలి. మబ్బు అస్సలు లేని ఏప్రిల్ సాయంత్రం ఏ ఫోన్‌తో తీసినా ఒక పసుపు వృత్తం. ఈశాన్య రుతుపవనాల కాలం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాన వెలిసి పడమట కొంచెం తెరిపి ఇచ్చిన సాయంత్రం వదలకండి. వాన గాలిలో దుమ్ముని కడిగేస్తుంది, ఎత్తున మబ్బులు మిగులుతాయి, రంగు వాటి కడుపున పడుతుంది. దుమ్మూ పొగా ఎక్కువైతే ఎర్రదనం పెరుగుతుందని చాలామంది అంటారు, ఊళ్ళో కమ్మే మామూలు పొగకి మాత్రం రంగులు మాసిపోతాయి. భోగి రోజు చెన్నైలో తీసి చూడండి తెలుస్తుంది.

ఇంత చదివాక కూడా కిట్ కొంటానంటే, 37 మిల్లీమీటర్లది కాకుండా 52 మిల్లీమీటర్ల రింగుది అడగండి, పెద్ద గాజు రెండు కెమెరాల్ని కప్పుతుంది, మూలలు నల్లబడటం తగ్గుతుంది. ఫోన్ కవర్ తీసి, క్లిప్ పెట్టి, షాపు బయట ఎండలోకొచ్చి ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూశాకే డబ్బివ్వండి, డబ్బా విప్పాక వెనక్కి తీసుకోవడం కుదరదని నాకు ముందే చెప్పారు. ట్రైపాడ్ ఒక్కటే కావాలంటే విడిగా 250, 300కి దొరుకుతుంది, కాళ్ళు వంచి ఫోన్ పెట్టి ఊపి చూడండి. ఆదివారం వెళ్ళకండి, రిచీ స్ట్రీట్‌లో చాలా షాపులు మూసి ఉంటాయి.